లోతు సముద్రంలో తవ్వితే గోదావరి ఒడ్డుకి ఏ దారిన తగులుతుంది?

పంటకాలువ
నమస్కారమండి. సముద్రగర్భంలో తవ్వకాలు మొదలైతే కోనసీమ జారిపోతుందని వాట్సాప్‌లో ఒక ముక్క తిరుగుతోంది. ఎక్కడో ఐదు కిలోమీటర్ల లోతున జరిగేదానికీ మనకీ ఏం సంబంధమని కొట్టిపారేసేవాళ్లూ ఉన్నారు. అలలు, ఖనిజ శుద్ధి, గ్యాసు, చెరువులు, వేట... ఎవరికి ఏది తెలిస్తే దాని గురించి లెక్కలతో చెప్పండి. ఒడ్డుకి ఏ దారిన వస్తుంది, ఎంత వస్తుంది, మనం ఏం కొలుచుకోవాలి అన్నంతవరకే. రాజకీయాలు వద్దు.

అలలెక్క
ముందు ఆ చోటు ఎక్కడో చూద్దాం. అంతర్జాతీయ సముద్రగర్భ సంస్థ (జమైకాలోని కింగ్‌స్టన్‌లో ఉంటుంది) 2002లో భారత్‌తో ఒప్పందం చేసుకున్న ప్రాంతం 75,000 చదరపు కిలోమీటర్లు. భూమధ్యరేఖ దాటి దక్షిణాన, మధ్య హిందూ మహాసముద్ర బేసిన్‌లో ఉంది. కాకినాడ నుంచి 3,000 కి.మీ. పైమాటే. అక్కడ అడుగున బంగాళాదుంపల్లా పరుచుకున్న లోహపు ముద్దల్ని (నాడ్యూల్స్) ఏరాలి. 2021 ఏప్రిల్‌లో చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ (ఎన్‌ఐఓటీ) వారి ‘వరాహ’ యంత్రం 5,270 మీటర్ల లోతున నడిచింది అక్కడే. అది నడక పరీక్ష మాత్రమే.

ఇప్పుడు అల సంగతి. అల కింద నీరు కదిలేది దాని పొడవులో సగం లోతు వరకే. 10 సెకన్లకొకటి వచ్చే అల పొడవు సుమారు 156 మీటర్లు, అంటే 78 మీటర్ల కింద దానికి పట్టు లేదు. ఒడ్డు ఇసుక నిజంగా అటూ ఇటూ జరిగేది ఇంకా పైన, మన దగ్గర సుమారు పది మీటర్ల లోతు లోపలే. ఐదు కిలోమీటర్ల కింద గీకితే అంతర్వేది ఇసుక జారదు.

లేచిన బురద మన దాకా వస్తుందా అంటారా? పసిఫిక్‌లో యంత్రాన్ని నడిపి కొలిస్తే లేచిన బురదలో 92 నుంచి 98 శాతం అడుగు నుంచి రెండు మీటర్ల ఎత్తు లోపే ఉండిపోయింది. మిగతాది చాలా దూరం పోతుంది గానీ మన మొగల్లోకి (నది సముద్రంలో కలిసేచోట్లకి) ఎక్కదు. అక్కడి అడుగు జీవాలకి మాత్రం దెబ్బ గట్టిదే. పెరూ దగ్గర 1989లో ప్రయోగానికి దున్నిన చాళ్లు 26 ఏళ్ల తరవాత వెళ్లి చూసినా అలాగే ఉన్నాయి.

ఒడ్డు కోతకి కారణం మన దగ్గరే ఉంది. గోదావరి సముద్రానికి మోసుకొచ్చే మట్టి 1970లలో ఏడాదికి 15 కోట్ల టన్నుల దరిదాపుల్లో ఉండేది. 1990లకి అది ఆరు కోట్ల లోపుకి పడిపోయింది. మిగతాది పైన ఆనకట్టల వెనక ఆగిపోతోంది.

పంటకాలువ
అయితే మనకి సంబంధం లేదన్నవాళ్లదే రైటా?

ఖనిజం
కాదండి. ఏరేది అక్కడ, కడిగి లోహం తీసేది ఒడ్డున. అసలు తగిలేది ఆ కడిగేచోటే. లెక్క వేస్తాను, ఎక్కడైనా తేడా ఉంటే దిద్దండి.

నాడ్యూల్‌లో మాంగనీసు సుమారు 24 శాతం, నికెల్ ఒక శాతం పైన, రాగీ అంతే, కోబాల్ట్ 0.1 శాతం చిల్లర. ఒక గని గిట్టుబాటు కావాలంటే ఏడాదికి 30 లక్షల టన్నులు (ఎండు బరువు) ఎత్తాలని సాధారణంగా వేసే అంచనా. మన ప్రాంతంలో మొత్తం నిల్వ 38 కోట్ల టన్నులంటారు. దాన్ని 75,000 చ.కి.మీ.కి పంచితే చదరపు మీటరుకి ఐదు కిలోలు. అంటే ఒక్కటీ వదలకుండా ఏరినా ఏడాదికి 600 చ.కి.మీ. అడుగు దున్నాలి. కోనసీమ జిల్లా మొత్తం రెండు వేల చిల్లర.

ఇక ఒడ్డుకి రండి. నికెల్, రాగి, కోబాల్ట్ మూడే తీసుకుంటే పనికొచ్చేది రెండున్నర శాతం లోపు. మిగతా 29 లక్షల టన్నులు వ్యర్థం, అదీ ఏటా. ఘనపు మీటరుకి టన్నున్నర వేసుకుంటే 19 లక్షల ఘనపు మీటర్ల పైన. పది మీటర్ల ఎత్తున పేర్చితే ఏడాదికి 20 హెక్టార్లు, దగ్గర దగ్గర 50 ఎకరాలు. ఇరవై ఏళ్లకి వెయ్యి ఎకరాలు. కలిపే సున్నం, మందులు ఇందులో చేర్చలేదు.

మాంగనీసు కూడా తీస్తే వ్యర్థం బాగా తగ్గుతుంది. కానీ దానికి కొలిమి కావాలి. టన్ను సిలికోమాంగనీసుకి 4,000 యూనిట్ల చుట్టుపక్కల కరెంటు తాగుతుంది. వ్యర్థం కుప్ప తగ్గిందంటే పొగగొట్టం పెరిగిందని అర్థం.

ఎవరూ చెప్పని ఇంకో సంగతి ఉప్పు. నాడ్యూల్ లోపలంతా సన్న రంధ్రాలు, తడి బరువులో మూడో వంతు దాకా సముద్రపు నీరే. 30 శాతం వేసుకుంటే 30 లక్షల ఎండు టన్నులతో పాటు దాదాపు 13 లక్షల టన్నుల ఉప్పునీరు దిగుతుంది. అందులో ఉప్పు 45 వేల టన్నులు. కుప్పలోంచి కొంత కారుతుంది, కొంత కడుగునీళ్లలో పోతుంది. క్లోరైడ్ ఉంటే ట్యాంకులు తినేస్తుంది కాబట్టి ప్లాంటువాళ్లు మంచినీళ్లతో కడిగే తీరతారు. ఆ కడుగునీళ్లు ఏ డ్రెయిన్లోకి అన్నది మొదటి ప్రశ్న. ఆ మంచినీళ్లు ఏ కాలువవి అన్నది రెండోది.

పంటకాలువ
వెయ్యి ఎకరాలా! కోనసీమలో కొబ్బరి తీసేసి పొయ్యాలి మరి.

ఖనిజం
మన దగ్గరే కడతారని నేననడం లేదు, ఎక్కడ కట్టినా ఆ పరిమాణం అంతే అంటున్నాను. డెల్టా అంచున ఎందుకు కుదరదో కూడా చెబుతాను. అపాయకర వ్యర్థాల గుంటకి కింద బంకమన్ను పొర, దాని మీద 1.5 మి.మీ. హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) షీటు, మధ్యలో ఊట పట్టే పైపులు ఉండాలి. అడుగు ఎప్పుడూ భూగర్భ జలానికి కనీసం రెండు మీటర్లు పైన ఉండాలి. కాట్రేనికోన, సఖినేటిపల్లి వైపు వానాకాలంలో నీళ్లు గునపం దిగితే తగులుతాయి. అంటే తవ్వడం కాదు, మెరక చెయ్యాలి. 20 హెక్టార్లు మూడు మీటర్లు మెరక చేస్తే ఆరు లక్షల ఘనపు మీటర్ల మట్టి. పది ఘనపు మీటర్ల టిప్పర్లు అరవై వేల ట్రిప్పులు, అదీ ఒక్క ఏడాది గుంటకి. ఆ మట్టి ఏ లంక నుంచి వస్తుందో మీరే ఊహించుకోండి.

షీటు మధ్యలో చిరగదు. చిరిగేది అతుకుల దగ్గర. ఎండ వేడికి షీటు సాగి ముడత పడితే ఆ ముడత మీద అతికించిన చోట గాలి మిగులుతుంది. జంట అతుకు వేసి, మధ్య సందులోకి గాలి కొట్టి ఒత్తిడి నిలుస్తుందో లేదో ప్రతి అతుకూ చూడాలి. ఆ పరీక్షల రిజిస్టరు అడగండి. ‘లైనర్ వేశాం’ అన్న ఒక్క ముక్కతో సరిపెట్టుకోవద్దు.

చెరువుగట్టు
డ్రెయిను మాట వచ్చింది కాబట్టి రొయ్య రైతుల పక్కనుంచి.

నాడ్యూల్ శుద్ధికి మన దేశంలో ఎక్కువ పని జరిగింది అమ్మోనియా పద్ధతిలో. ఉదయపూర్‌లో రోజుకి 500 కిలోల పైలట్ ప్లాంటు కూడా నడిపి చూశారు. పద్ధతి మంచిదే, అమ్మోనియాని మళ్లీ పట్టుకుని వాడుకుంటారు. కానీ ఎంత పట్టుకున్నా కొంత నీళ్లలో మిగులుతుంది.

పరిశ్రమ వదిలే నీటిలో అమ్మోనియా నైట్రోజన్ లీటరుకి 50 మిల్లీగ్రాముల వరకు ఉండొచ్చని మన సాధారణ ప్రమాణం. వెనామీ రొయ్యకి దెబ్బ కొట్టేది అందులో విషరూపంలో ఉన్న భాగం. అది 0.1 దాటితే మేత తగ్గుతుంది, పొర విడవడం తేడా చేస్తుంది. విషభాగం ఎంతన్నది పీహెచ్‌ని బట్టి మారుతుంది. 30 డిగ్రీల దగ్గర పీహెచ్ 7.5 అయితే మొత్తం అమ్మోనియాలో రెండు మూడు శాతమే విషం. అదే 8.5 అయితే దాదాపు ఐదో వంతు. అంటే మొత్తం అమ్మోనియా అర మిల్లీగ్రామున్నా సాయంత్రం మూడు నాలుగు గంటలకి, పాచి ఎక్కువై పీహెచ్ ఎక్కిన వేళ, హద్దు మీద ఉన్నట్టే.

50 నుంచి అరకి రావాలంటే వంద రెట్లు పలచబడాలి. వానాకాలంలో సరే. వేసవిలో కాలువలు కట్టేశాక డ్రెయిన్లో ఏముంటుంది? చెరువులు వదిలిన నీళ్లూ, పోటుకి ఎక్కిన ఉప్పునీళ్లూ. అవి పాటుకి (సముద్రం వెనక్కి తగ్గేటప్పుడు) పూర్తిగా పోవు, అక్కడక్కడే ఊగుతుంటాయి. అదే డ్రెయిన్లోంచి కింది రైతు మోటారు వేస్తాడు. ప్రమాణం ప్రకారం ప్లాంటు తప్పేమీ ఉండదు, చెరువు మాత్రం పోతుంది.

కాబట్టి ఇప్పట్నుంచే డ్రెయిన్ నీళ్లు రాసిపెట్టుకోవాలి. వారానికోసారి, పాటు చివర్లో, మధ్యాహ్నం మూడు దాటాక. ఉప్పదనం, పీహెచ్, మొత్తం అమ్మోనియా, ఈ మూడూ ఒకే సీసా నీటితో. తెల్లారి తీసిన లెక్క పంపితే అంతా బాగున్నట్టే కనిపిస్తుంది, ఎందుకంటే ఆ వేళ పీహెచ్ తక్కువ. పోటు మీద తీస్తే సముద్రపు నీటిని కొలిచినట్టు. మునుపటి లెక్కలు లేకపోతే రేపు ఏది అడిగినా ‘ముందునుంచీ ఇంతే’ అంటారు.

సూరవల
ఉప్పాడ, వాకలపూడి పడవలు గేలంతో పట్టే సూరలకి (ట్యూనా చేపలకి) ఏమవుతుందో కూడా చూడాలి కదా.

ఓడ మీద నాడ్యూల్స్ వేరు చేశాక మిగిలిన బురదనీటిని మళ్లీ పైపుతో కిందకి వదులుతారు. ఎంత లోతున అన్నదే మొత్తం కథ. 2022లో పసిఫిక్ పరీక్షలో 1,200 మీటర్ల దగ్గర వదిలారు. పసుపురెక్క సూర (యెల్లోఫిన్) ఎక్కువగా తిరిగేది పై రెండు వందల మీటర్లలో. పెద్దకన్ను సూర మేత కోసం పగటిపూట 500 మీటర్లు, ఒక్కోసారి ఇంకా కిందకీ దిగుతుంది. డబ్బు మిగుల్చుకుందామని పైపు కురచ చేసి మూడు నాలుగు వందల మీటర్లలో వదిలితే అది తినే చిన్న చేప, పీతపిల్ల ఉండే పొరలోకే బురద వెళ్తుంది. అక్కడ తిన్న సూర అక్కడే ఉండదు, దేశాలు దాటి తిరుగుతుంది. ఇక్కడి వలలో చేప తగ్గితే కారణం అదేనని నిరూపించడం ఎవరి తరమూ కాదు. అందుకని నష్టపరిహారం మాటకంటే ముందు వదిలే లోతు ఒప్పందంలో అంకెగా రాయించడం ముఖ్యం.

గ్యాస్‌బావి
మీరంతా 3,000 కి.మీ. అవతలి ముద్దల గురించే మాట్లాడుతున్నారు. లోతు సముద్రపు తవ్వకం అంటే మన గుమ్మం ముందున్నది వేరే: గ్యాస్ హైడ్రేట్లు, అంటే అడుగు మట్టిలో మంచుగడ్డలా బిగుసుకున్న నీరూ మీథేన్ గ్యాసూ. కృష్ణా–గోదావరి బేసిన్‌లో 2006లో డ్రిల్ చేసినప్పుడు వెయ్యి మీటర్ల పైచిలుకు నీటి కింద 128 మీటర్ల మందం పొర తగిలింది. అది బంకమన్ను పగుళ్లలో ఉంది కాబట్టి తీయడం కష్టం. 2015లో రెండోసారి వెళ్లినప్పుడు ఇసుక పొరల్లోనూ దొరికింది. అవి తీయడానికి అనువైనవి.

బావిలో ఒత్తిడి తగ్గిస్తే హైడ్రేటు కరిగి గ్యాసూ నీరూ అవుతుంది. చిక్కంతా ఏమిటంటే ఆ ఇసుకని పట్టి ఉంచిన జిగురు కూడా హైడ్రేటే. అది కరిగితే ఇసుక వదులై బావిలోకి వచ్చేస్తుంది. జపాన్ 2013 మార్చిలో నాంకై దగ్గర రోజుకి 20 వేల ఘనపు మీటర్ల గ్యాసు తీసింది. ఆరో రోజుకి ఇసుక కమ్మేసి ఆపేయాల్సి వచ్చింది.

అలలెక్క
దానివల్ల ఒడ్డు కుంగుతుందంటారా? అక్కడి నుంచి గోదావరి మట్టి దాకా కుంగుబాటు పాకుతుందంటే నేనొప్పుకోను.

గ్యాస్‌బావి
పాకదు. పొర కుంగితే దాని పైన కొన్ని కిలోమీటర్ల మేర సముద్రపు అడుగు కుంగుతుంది, అంతే. నా భయం వాలు గురించి. మన బేసిన్ వాలు మీద పాత జారుళ్లు సర్వేల్లో చాలా కనిపిస్తాయి. గోదావరి బురద తొందరగా పేరుకున్న మెత్తటి వాలు అది. అక్కడ బావులు వరసగా వేసేటప్పుడు వాలు స్థిరత్వం లెక్క, అడుగున ఒత్తిడి కొలిచే పరికరాలు తప్పనిసరి. పెద్ద జారుడైతే అల పుడుతుంది. ప్రతి బావీ సునామీ తెస్తుందని కాదు. లెక్క చూపించకుండా బావి వేయకూడదని మాత్రం గట్టిగా అంటాను.

ఒడ్డు మీద కుంగుబాటు అడగాల్సిన చోటు వేరు. తాటిపాక, పాశర్లపూడి, మండపేట లాంటి నేల మీది బావుల చుట్టూ. అక్కడ కూడా గ్యాసు వాటా ఎంత, కొత్త మట్టి రాక సహజంగా అణిగేది ఎంత, బోర్లు తోడినందుకు ఎంత అన్నది విడదీయాలి. లోతు పునాది ఉన్న గుర్తు ఒకటి, పైపైన పాతిన గుర్తు ఒకటి పక్కపక్కనే పెట్టి ఉపగ్రహ రాడార్‌తో పోల్చితే కొంత తేలుతుంది. ఒక్క గుర్తుతో ఎవరికి కావలసింది వాళ్లు చెప్పుకోవచ్చు.

మడచెట్టు
హైడ్రేటైనా మామూలు గ్యాసైనా చివరికి ఒడ్డుకి పైపులోనే రావాలి. గాడిమొగ, ఓడలరేవు, ఎస్.యానాం, మూడుచోట్లా ఇప్పటికే టెర్మినళ్లున్నాయి. పైపు మడ అడవిని దాటేచోట తవ్విన కందకం పూడ్చినా మట్టి అణుగుతుంది, లేదా పక్కన పోసిన మట్టికట్ట అలాగే మిగులుతుంది. జానెడు ఎత్తు కట్ట చాలు, వెనక పర్రలోకి (పోటుకి మునిగే నేలలోకి) పోటునీరు ఎక్కదు. రెండు మూడు వేసవుల్లో అక్కడ ఉప్పు పేరుకుని మడ చస్తుంది. చూసేవాళ్లకి చెట్లు ‘తెగులొచ్చి’ చచ్చినట్టుంటుంది. కింద నుంచి డ్రిల్ చేసి పైపు లాగితే ఈ బెడద తప్పుతుంది. ఖర్చు ఎక్కువని కందకానికే మొగ్గుతారు.

చట్టం పట్టు ఎక్కడుందో చెబుతాను. అంతర్జాతీయ జలాల్లో ఏరేదానికి మన ఊళ్లో ప్రజాభిప్రాయ సేకరణ జరగదు. జరిగేది ఓడలు ఆగే బెర్తుకి, ప్లాంటుకి, గుంటకి, పైపులైనుకి. ఇవి నాలుగు ప్రాజెక్టులుగా నాలుగుసార్లు వస్తాయి, ప్రతిదీ విడిగా చూస్తే చిన్నదే. కలిపి ప్రభావం చూపించమని మొదటిసారే రాతపూర్వకంగా అడగాలి. సేకరణకి కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, తెలుగులో సారాంశం ఇవ్వాలి.

మ్యాపు మాత్రం 1:4000 స్కేలుదే అడగండి. వెయ్యి చదరపు మీటర్లు దాటిన మడ అడవి చుట్టూ 50 మీటర్ల బఫర్ ఉంటుంది, చిన్న స్కేలు మ్యాపులో అది గీత మందంలో కలిసిపోతుంది. ఉప్పుటేరు వెంట సీఆర్‌జెడ్ (తీర నియంత్రణ మండలం) ఎంతవరకు అన్నది ఉప్పదనాన్ని బట్టి: ఏడాదిలో బాగా ఎండిన కాలంలో లీటరుకి 5 గ్రాములు ఉన్నచోటు దాకా. చెరువుగట్టు గారు చెప్పిన వారం వారం లెక్కలు ఇక్కడ కూడా పనికొస్తాయి. ఆగస్టులో కొలిచి గీసిన హద్దుని ఒప్పుకోవద్దు.

పంటకాలువ
ఖనిజం గారూ, ఈ నాడ్యూల్స్‌లో రేడియోధార్మికత ఉందని కూడా అంటున్నారు. అది నిజమా?

ఖనిజం
ఉంది, అతి చేయకుండా చెబుతాను. లక్షల ఏళ్లకి మిల్లీమీటర్లు పెరిగే ముద్ద కాబట్టి పై పొరలో సముద్రపు నీటి నుంచి దిగిన థోరియం-230, దాన్నుంచి పుట్టే రేడియం-226 పేరుకుంటాయి. చేత్తో పట్టుకుంటే ఏమీ కాదు. ప్రమాదం రెండుచోట్ల. ఒకటి పొడి పీల్చడం. రెండోది మూసిన ఓడ గదుల్లో, మూసిన షెడ్లలో రేడియం నుంచి పుట్టే రాడాన్ గ్యాసు చేరడం.

అసలు తిరకాసు ఇదే. దుమ్ము లేవకూడదంటే కుప్ప మీద కప్పు వేసి మూయాలి. రాడాన్ చేరకూడదంటే గాలి ఆడాలి. కాబట్టి షెడ్డు కట్టినా ఫ్యాన్లతో గాలి బయటికి లాగి, ఆ గాలిని వడపోయాలి. ఓడ గది తలుపులు తెరిచి గాలి ఆడించి, కొలిచాకే కూలీలు దిగాలి. రేడియం చివరికి ఎక్కడ చేరుతుందన్నది శుద్ధి పద్ధతిని బట్టి మారుతుంది. సల్ఫేటు ఉన్నచోట పైపుల లోపల పొలుసుగా పడుతుంది. పాత పైపులు తుక్కు కొట్లకి అమ్మేముందు కొలవాలి.

సరుకు తడి గురించి కూడా. ఎత్తే పైపులో ఒరుసుకుని చాలా ముద్దలు పొడవుతాయి. తడి పొడి ఓడ ఊపుకి బురదలా పారి ఒకవైపు చేరితే ఓడ ఒరుగుతుంది. 2009 సెప్టెంబరులో పారాదీప్ దగ్గర ‘బ్లాక్ రోజ్’ మునిగింది తడి ఇనుప ఖనిజపు పొడితోనే. మునిగిన ఓడ ఇంధనం ఎవరి ఒడ్డుకి వస్తుందో వేరే చెప్పక్కర్లేదు. లోడు చేసేముందు తేమ హద్దు పరీక్ష కాగితం బెర్తు దగ్గర ఉండాలి.

సూరవల
అలలెక్క గారూ, తక్కువ లోతులో ఇసుక తవ్వకం గురించి ఎవరూ మాట్లాడలేదు. వేలం వేశారు కదా?

అలలెక్క
అవునండి, సముద్రపు తవ్వకాల్లో అసలు ఒడ్డుని కొరికేది అదే. 2002 నాటి ఆఫ్‌షోర్ ఖనిజాల చట్టాన్ని 2023లో సవరించి, 2024 నవంబరు 28న మొదటి విడత 13 బ్లాకులు వేలానికి పెట్టారు. గుజరాత్ దగ్గర సున్నపు బురద మూడు, కేరళ దగ్గర నిర్మాణ ఇసుక మూడు, గ్రేట్ నికోబార్ దగ్గర నాడ్యూల్స్, క్రస్ట్‌లు (రాతి మీద పేరుకున్న ఖనిజపు పెంకులు) ఏడు. ఆంధ్ర తీరానిది అందులో ఒక్కటీ లేదు. రేపు వస్తే మొదట చూడాల్సింది లోతు. ఇసుక జరిగే పది మీటర్ల లోపు గుంట తీస్తే ఒడ్డు ఇసుకే వచ్చి ఆ గుంటని పూడుస్తుంది. ఇంకాస్త బయట తీసినా గుంట మీదుగా వచ్చే అల వంగుతుంది. ఒకచోట పలచబడి, పక్క ఊరి మీద ఎక్కువ పడుతుంది. కోత గుంట ఎదురుగా కాక పక్కన కనిపిస్తుంది కాబట్టి ‘మా బ్లాకు అక్కడ లేదు’ అనడం తేలిక. రాయల్టీ కేంద్రానికి పోతుంది, కోత పంచాయతీకి మిగులుతుంది.

ఉప్పాడకైతే మూలిగే నక్క మీద తాటిపండే. నైరుతి అలలకి ఇసుక ఉత్తరంగా జరుగుతుంది. హోప్ ఐలాండ్ అలా పెరిగినదే. ఆ ఇసుక ఉప్పాడకి చేరేలోపే ఆ దిబ్బలోనూ, పోర్టు ఛానెల్‌లోనూ ఆగిపోతుంది.

కొలతకి పెద్ద పరికరాలు అక్కర్లేదు. సెంటీమీటర్ల గుర్తులున్న మీటరున్నర కర్రలు రెండు, మధ్యలో రెండు మీటర్ల తాడు. ఒకరు ఒడ్డు వైపు, ఒకరు నీటి వైపు నిలువుగా పట్టుకోవాలి. ఒడ్డువైపు మనిషి నీటివైపు కర్ర కొసనీ, సముద్రం–ఆకాశం కలిసే గీతనీ ఒకే వరసలోకి తెచ్చుకుని, ఆ చూపు తన కర్రని ఎక్కడ కోస్తుందో చూడాలి. కర్ర పైకొస నుంచి అక్కడికి ఎన్ని సెంటీమీటర్లో అదే ఆ రెండు మీటర్లలో ఇసుక దిగుడు. అక్కడి నుంచి ముందుకు జరుగుతూ నీటి అంచు దాకా.

ప్రతి అమావాస్య పాటుకి, ఒకే చోట నుంచి. తడి ఇసుకలో కర్ర దిగిపోయి లెక్క తప్పుతుంది, కింద చిన్న రేకు బిళ్ల కొట్టించండి. మొదలుగుర్తు ఒడ్డు మీద పాతొద్దు, ఏడాదిలో అదే పోతుంది. ఊళ్లో నూతిపళ్లెం మీదో గుడి మెట్టు మీదో పెట్టి అక్కడి నుంచి కొలుచుకుంటూ రండి. పొగమంచు ఉన్న పొద్దున గీత సరిగా కనబడదు, ఆ రోజు మానేయడమే మేలు.

సూరవల
మరి కాకినాడ ఛానెల్ నుంచి తీసే ఇసుక ఉప్పాడకి పోయొచ్చు కదా?

అలలెక్క
ఇసుకైతే పోయొచ్చు. విశాఖ పోర్టు దక్షిణాన ఇసుక పట్టే గుంట పెట్టి, అక్కడ పడింది తీసి బీచ్ వైపు పోస్తూనే వస్తోంది. కాకినాడ ఛానెల్‌లో వచ్చేదాంట్లో బురద వాటా ఎక్కువ, అది పోస్తే మొదటి తుఫానుకే పోతుంది. ముందు డ్రెడ్జర్ తొట్టిలోంచి నమూనా తీసి జల్లెడ పట్టాలి. ఉప్పాడ ఒడ్డు ఇసుక కంటే సన్నగా ఉంటే దండగ, సమానంగానో కాస్త గరుకుగానో ఉంటే పనికొస్తుంది. 0.063 మి.మీ. జల్లెడ దాటిపోయేది పదో వంతు మించిందంటే నేనైతే వద్దంటాను.